తడవని జత ఒక్కటి ఉంటే చాలు



దసరా సెలవుల్లో మనం వైజాగ్ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన రెండు రోజులు నడుద్దామని అనుకుంటున్నాం కదా. దానికి ఏమేం తెచ్చుకోవాలో ఒక లిస్టు మన ఫోన్లలో తిరుగుతోంది. ఎవరు పెట్టారన్నది నాకు ముఖ్యం కాదు. మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. కానీ ఆ లిస్టు మన కోసం రాసింది కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో, మరి మన లిస్టు ఎలా ఉండాలో చెప్తాను. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క చెప్తాను. రెయిన్ జాకెట్, రెయిన్ ప్యాంటు, వాటర్‌ప్రూఫ్ షూస్, డ్రై బ్యాగు, నడిచేటప్పుడు పట్టుకునే మడత కర్ర, తలకి కట్టుకునే లైటు, త్వరగా ఆరే తువ్వాలు... నేను షాపులో అడిగి చవక రకాలే రాసుకున్నాను. 6,500 రూపాయలు దాటింది. మా హాస్టల్ రూములో 8 మందిమి ఉంటాం. లిస్టు రాకముందు 7 గురు వస్తామన్నారు. లిస్టు వచ్చాక ఇద్దరం మిగిలాం. ఆ ఐదుగురిలో ఒక్కరు కూడా డబ్బుల్లేవని అనలేదు. ఒకరికి రికార్డు రాసుకోవాలంట. ఒకరికి ఊళ్ళో పనంట. ఒకరికి వాన పడదంట, జలుబు చేస్తదంట. కొండ మీద వానలోనే పుట్టి పెరిగిన పిల్ల, వాన పడదంటోంది! మనకి అర్థం కాదా?

ఇంకో సంగతి. అక్టోబర్ నెలలో మన ఇళ్ళలో చేతిలో డబ్బులుండవు. కాఫీ పళ్ళ కోత నవంబర్లో మొదలవుతుంది. పసుపు ఇంకా భూమిలోనే ఉంటుంది. వడ్లు ఇంకా ఇంటికి రావు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో మనకే తెలీదు. ఆ నెలలో అమ్మకి ఫోన్ చేసి, సముద్రం పక్కన నడవడానికి 3,000 కావాలి అని ఎవరు అడుగుతారు? అడిగితే ఆమె ఇవ్వదని కాదు. ఎక్కడో అప్పు తెచ్చి ఇస్తుంది. అదే భయం.

అందుకే నేను అనేది, సామాను లిస్టు అంటే సామాను లిస్టు మాత్రమే కాదు. ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని చెప్పే గేటు అది. గేటు దగ్గర ఎవరినీ ఆపినట్టు కనిపించదు. ఆగిపోయేవాళ్ళే ఆగిపోతారు. మనలో అందరికన్నా తక్కువ డబ్బున్న చెల్లి కూడా తెచ్చుకోగలిగిన లిస్టే మన లిస్టు అవ్వాలి. దాని మీద ఒక్క వస్తువు పెంచినా, అది ఎందుకు తప్పదో చెప్పగలగాలి.

దీనికి ఒక అన్న జవాబు ముందే చెప్పాడు. "డబ్బు కన్నా ప్రాణం ముఖ్యం కదమ్మా, సేఫ్టీలో తగ్గకూడదు" అని. ఆ మాట తప్పు కాదు. కానీ ఆ లిస్టులో ప్రాణం కాపాడేవి ఎన్ని, ఫొటోలో బాగుండేవి ఎన్ని? అది చూద్దాం. దానికి ముందు మనం వెళ్ళే చోటు ఎలాంటిదో, ఆ వాన ఎలాంటిదో తెలియాలి.

మనకి వాన కొత్త కాదు. కానీ మన కొండ వాన వేరు, సముద్రం పక్క వాన వేరు. ఊళ్ళో తడిసి ఇంటికొస్తే పొయ్యి ఉంటుంది. పొయ్యి మీద అటకకో, పక్కన దండేనికో బట్టలు వేస్తే తెల్లారేసరికి పొగ వాసనతో ఆరిపోతాయి. సముద్రం పక్కన పొయ్యి లేదు. గాలే తడిగా ఉంటుంది. ఒకసారి తడిసిన బట్ట రెండో రోజుకి కూడా ఆరదు. పైగా ఉప్పునీళ్ళలో తడిస్తే ఇంకా కష్టం. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమని మళ్ళీ లాక్కుంటుంది. ఆరినట్టే ఉండి సాయంత్రానికి చెమ్మెక్కుతుంది. అందుకే అలలో తడిసిన బట్టని మంచినీళ్ళలో ఒకసారి జాడించి పిండాలి.

నెల సంగతి కూడా చూడండి. ఈ తీరంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వాన, ఆ తర్వాత ఈశాన్య వాన. అక్టోబర్ బాగా వాన పడే నెల. తుపాన్ల నెల కూడా అదే. హుద్‌హుద్ వైజాగ్‌ని కొట్టింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది 2021 సెప్టెంబర్ 26న. అంటే మన దసరా సెలవులు ఆ రోజుల చుట్టుపక్కలే వస్తాయి. మామూలు వానకి సామాను సర్దుకోవచ్చు. తుపానుకి సర్దుకునే సామాను లేదు. ఎంత ఖరీదు జాకెట్ ఉన్నా ఆ రోజు నడవకూడదు. కాబట్టి మొదటి వస్తువుకి పైసా ఖర్చు లేదు: బయల్దేరే ముందు మూడు రోజుల నుంచీ వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవడం, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే తేదీ మార్చుకోవడం. కెరటాల ఎత్తు గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ హెచ్చరికలు ఇస్తుంది. అవి కూడా చూడాలి. ఇది లిస్టులో లేదు. 27 వస్తువుల్లో ఇది లేదు!

ఇప్పుడు బట్టల సంగతి. నేను చెప్పే పద్ధతి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మనం తడుస్తాం. ఏం వేసుకున్నా తడుస్తాం. ప్లాస్టిక్ కోటు వేసుకుంటే వాన బయట ఉంటుంది కానీ ఉక్కకి లోపల చెమటతో తడుస్తాం. ఖరీదైన జాకెట్ కూడా మన తీరంలో, ఆ ఉక్కలో, రోజంతా నడిస్తే లోపల చెమ్మ పట్టకుండా ఉండదు. కాబట్టి తడవకుండా ఉండటం కోసం డబ్బు పెట్టకండి. రాత్రికి ఒక పొడి జత మిగలడం కోసం తెలివి పెట్టండి.

రెండే జతలు. ఒకటి తడిసే జత, ఒకటి తడవని జత.

తడిసే జత నడవడానికి. దానికి హాస్టల్లో గేమ్స్‌కి వేసుకునే జెర్సీ, ట్రాక్ ప్యాంటు చాలు. పాలిస్టర్ నీళ్ళు ఎక్కువ పట్టుకోదు, పిండి దులిపితే ఒంటి మీదే ఆరిపోతుంది. నూలు బట్ట వద్దు. జీన్స్ అసలు వద్దు. తడిసిన జీన్స్ బరువు ఎంతో మీకు తెలుసు, తొడల మధ్య రాసుకుంటే ఎంత మంటో కూడా తెలుసు. ఇసుక కూడా తోడైతే రెండో రోజు నడవలేరు. కొబ్బరినూనె చిన్న సీసాలో తెచ్చుకుని, రాసుకునే చోట పొద్దున్నే రాసుకోండి. కాలివేళ్ళ మధ్య కూడా.

తడవని జత పడుకోవడానికి. ఒక లూజు ప్యాంటు, ఒక టీషర్టు, ఒక స్వెటర్, ఒక జత సాక్సులు, లోపలి బట్టలు. దీన్ని రెండు కవర్లలో కట్టి బ్యాగు అడుగున పెట్టాలి. చోటు చేరి, చేతులు కాళ్ళు తుడుచుకుని, నిద్రకి ముందే విప్పాలి. మధ్యలో ఎంత వణికినా విప్పకూడదు. కష్టమైన పని ఇంకొకటుంది. మర్నాడు పొద్దున్న ఆ పొడి బట్టలు విప్పేసి మళ్ళీ నిన్నటి తడి బట్టలే వేసుకోవాలి. చలిగా, జిగటగా, చిరాగ్గా ఉంటుంది. పది నిమిషాలు నడిస్తే పోతుంది. పొడి జతలోనే నడక మొదలుపెట్టామంటే రెండో రాత్రికి మన దగ్గర పొడిది ఏమీ ఉండదు.

ఇది సుఖం కోసం చెప్తున్న మాట కాదు. మనలో సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఉన్నారు. మన ఆదివాసీ ప్రాంతాల్లో ఇది ఎక్కువనే కదా, కేంద్రం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి చలి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, అతిగా అలసిపోవడం - ఈ మూడూ నొప్పి తెప్పిస్తాయి. వాన నడకలో మూడూ ఒకేసారి దొరుకుతాయి. వాళ్ళని రావద్దనడం తేలిక. నేను అనేది అది కాదు. డాక్టర్‌ని అడిగి రమ్మనాలి, రోజూ వేసుకునే మాత్రలు రెండు చోట్ల పెట్టుకోవాలి, వాళ్ళ పొడి జతతో పాటు గ్రూపులో ఇంకో పొడి దుప్పటి ఉండాలి, నడక వేగం వాళ్ళదే అవ్వాలి. ఆ 27 వస్తువుల లిస్టు రాసినవాళ్ళకి ఈ సంగతి తట్టదు. మనకి తట్టాలి.

ఇక బ్యాగు. చాలామంది బ్యాగు మీద వేసే రెయిన్ కవర్ కొనాలంటున్నారు. ఆ కవరు వీపు వైపు తెరిచే ఉంటుంది. వీపు మీద కారిన నీళ్ళు అటు నుంచే లోపలికి పోతాయి. దాని బదులు బ్యాగు లోపల ఒక పెద్ద మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, సామానంతా అందులో వేసి, మూతి మెలితిప్పి, మడిచి, రబ్బరు బ్యాండు వేస్తే బ్యాగు తడిసినా లోపల తడవదు. కొత్త యూరియా సంచి లోపలి కవరైనా పనికొస్తుంది, రెండుసార్లు బాగా కడిగి ఆరబెట్టాలి. కన్నం ఉందా అని నీళ్ళు పోసి చూసుకోండి. ఖర్చు దాదాపు లేదు.

యూరియా సంచి పేరు ఎత్తగానే కొందరు నవ్వుతారని నాకు తెలుసు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మన అమ్మానాన్నలు నాట్లప్పుడు సంచి ఒక మూలని ఇంకో మూలలోకి దోపి నెత్తి మీంచి వీపు దాకా వేసుకుంటారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, గాలి ఆడుతుంది, వీపు తడవదు. అంతకు ముందు అడ్డాకులతో, వెదురుతో గిడుగులు కట్టుకునేవాళ్ళు. పని చేసే వస్తువులవి. సిటీలో అదే సంచి వేసుకుని నడిస్తే "ఏజెన్సీ నుంచి దిగారు" అంటారేమో అని మనకి లోపల గుబులు. ఆ గుబులు పోవడానికే 2,000 పెట్టి జాకెట్ కొంటున్నాం. వాన ఆపడానికి కాదు. నేను ఇది ఎవరినీ తప్పు పట్టి అనడం లేదు. చదువుకోవడానికి కిందకి వచ్చిన మనందరికీ ఆ భయం ఉంది. కానీ అందరం కలిసి వెళ్ళే నడకలో కూడా ఆ భయానికే డబ్బు కట్టాలా?

అలాగని రెండో వైపు మాట కూడా నేను ఒప్పుకోను. "మన తాతలు చెప్పుల్లేకుండా కొండలెక్కారు, మనకి ఇవన్నీ ఎందుకు, చేతులూపుకుంటూ పోదాం" అని కొందరు తమ్ముళ్ళు రాశారు. తాతలు చెప్పుల్లేకుండా నడిచింది గొప్ప కోసం కాదు, లేక నడిచారు. ముళ్ళు దిగాయి, పుళ్ళు పడ్డాయి, జ్వరాలొచ్చాయి, ఎంతమంది పోయారో లెక్క రాసినవాడు లేడు. లేనితనాన్ని సంప్రదాయం అనకండి. పైగా తాతలకి కొండ తెలుసు. గెడ్డ ఎప్పుడు పొంగుతుందో నీళ్ళ రంగు చూసి చెప్పేవాళ్ళు. సముద్రం మన తాతలకి తెలీదు, మనకీ తెలీదు. తెలిసినవాళ్ళు మత్స్యకారులు. దారిలో మంగమారిపేట లాంటి ఊళ్ళున్నాయి. వాళ్ళు ఈ రోజు నీళ్ళ దగ్గరికి పోవద్దంటే పోకూడదు. అంతే.

సముద్రం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనలో ఈత వచ్చినవాళ్ళకే ఎక్కువ ప్రమాదం. గెడ్డలో ఈత కొట్టిన ధైర్యంతో దిగుతారు. వైజాగ్ బీచుల్లో స్టూడెంట్లు మునిగిపోయిన వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. ఒడ్డుకి వచ్చిన నీళ్ళన్నీ ఒక సందు చూసుకుని వేగంగా వెనక్కి లాక్కుపోతాయి. ఆ చోట అలలు తక్కువగా, నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అక్కడే దిగాలనిపిస్తుంది. ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఈదితే అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ, ఒడ్డుకి సమానంగా పక్కకి జరగాలి, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాపాడడానికి దూకకూడదు. తాడు విసరాలి, ఖాళీ క్యాను మూత బిగించి విసరాలి, 112కి ఫోన్ చేయాలి. అందుకే మన లిస్టులో 15 మీటర్ల తాడు, ఒక 5 లీటర్ల ఖాళీ క్యాను ఉండాలి. మోయడానికి బరువు లేదు, కొనడానికి ఖరీదు లేదు. ఆ పెద్ద లిస్టులో మడత కర్ర ఉంది కానీ తాడు లేదు. నా మాటేంటంటే ఈ నడకలో ఎవరూ నీళ్ళలో దిగకూడదు. మోకాలు దాకా కూడా.

మెరుపుల గురించి ఇంకో మాట. ఇసుక తీరంలో మనిషే ఎత్తైన వస్తువు. ఉరుము వినపడితే చాలు, నీళ్ళ దగ్గర నుంచి, ఒంటరి చెట్ల కింద నుంచి, రేకుల పందిళ్ళ కింద నుంచి తప్పుకుని పక్కా బిల్డింగులోకో బస్సులోకో పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అర్ధగంట ఆగాలి. దామిని యాప్ పిడుగు ఎంత దూరంలో పడిందో చూపిస్తుంది, ఫ్రీయే. మన దారి పొడుగునా పక్కనే బీచ్ రోడ్డు ఉంది, బస్సులు తిరుగుతాయి. కాబట్టి మధ్యలో ఆపేసి బస్సెక్కడం ఓటమి కాదు. తిరుగు ప్రయాణానికి ఒక్కొక్కరి దగ్గర 100 రూపాయలు విడిగా, కవర్లో, ముట్టుకోకుండా ఉండాలి. ఆడపిల్లలకి ఆర్టీసీలో స్త్రీశక్తి ఉంది, గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి అది తడవకుండా చేతికందే చోట పెట్టుకోండి.

కార్డుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఒరిజినల్ కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల లిస్టులు బ్యాగులో వేసుకు రాకండి. ఎప్పుడు ఏం అవసరమో అని మనలో చాలామంది వాటిని ఎప్పుడూ బ్యాగులోనే తిప్పుతారు. ఇంట్లో పెడితే ఎలకలు, హాస్టల్లో పెడితే తాళం లేదు, ఆ బాధ నాకూ ఉంది. అయినా వానలో ఆ కాగితం ముద్దయిపోతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో, మొదటిసారి తెచ్చుకున్నప్పుడు మీ నాన్న ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నారో గుర్తు తెచ్చుకోండి. డిజిలాకర్‌లో పెట్టుకోండి, ఒక జిరాక్స్ తెచ్చుకోండి. ఒరిజినల్స్ ఊరెళ్ళని ఫ్రెండ్ దగ్గరో, వార్డెన్ గారి బీరువాలోనో పెట్టి రండి.

కాళ్ళకి వాటర్‌ప్రూఫ్ షూస్ వద్దు. పైనుంచి నీళ్ళు ఎలాగూ పోతాయి, పోయాక బయటికి రావు, రోజంతా పాదం నీళ్ళలో నానుతుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండిల్స్ మంచివి. పాత కాన్వాస్ షూస్ కూడా పర్వాలేదు, నీళ్ళు కారిపోతాయి. కానీ కొత్తవి కొని నేరుగా నడకకి రాకండి, అవి కరిచి చంపుతాయి. రాత్రి పాదాలు తుడిచి, ఆరనిచ్చి, పొడి సాక్సులు వేసుకోండి. రెండో రోజు నడవగలగడం పాదాల మీదే ఆధారపడి ఉంటుంది.

తిండికి వండుకునే పని పెట్టుకోవద్దు. తడి కర్రలు అంటుకోవు. వేయించిన చోడి పిండిలో బెల్లం కలిపి తెచ్చుకుంటే నీళ్ళు పోసుకుని తాగొచ్చు, ముద్ద చేసుకుని తినొచ్చు. వేరుశెనగలు, అటుకులు, నాలుగు అరటిపళ్ళు. దారిలో టిఫిన్ దొరుకుతుంది. మంచినీళ్ళు మనిషికి 2 లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. వాన పడుతోంది కదా అని దాహం వెయ్యదు, నీళ్ళు తాగడం మరిచిపోతాం. ఉక్కలో చెమట మాత్రం పోతూనే ఉంటుంది.

అక్కచెల్లెళ్ళకి ఒక మాట, ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. పీరియడ్స్ తేదీ దగ్గర్లో ఉన్నా లేకపోయినా ప్యాడ్లు తెచ్చుకోండి, ఒక్కొక్కటి విడిగా చిన్న కవర్లో పెట్టండి, మొత్తం ప్యాకెట్ ఒకేసారి తడవదు. వాడినవి పెట్టడానికి నల్ల కవరు, పేపరు. ముదురు రంగు ప్యాంటు. బట్టలు మార్చుకోవడానికి అడ్డంగా పట్టుకునే ఒక పాత చీర గ్రూపు సామానులో ఉండాలి. చీర పనికిరాని చోటు లేదు. దుప్పటి, తెర, కట్టు, తాడు - అన్నీ అదే. అన్నలూ తమ్ముళ్ళూ, దీని గురించి నవ్వుకోకుండా సామానులో మోయండి.

ఇప్పుడు మొత్తం బరువు చూసుకోండి. మన ఒంటి బరువులో ఆరో వంతు దాటకూడదు. 45 కిలోల పిల్లకి అది 7 కిలోల చిల్లర, అందులో నీళ్ళే 2 కిలోలు. ఒక్కొక్కరూ తెచ్చుకునేది ఇదే: రెండు జతలు, లోపలి ప్లాస్టిక్ సంచి, నెత్తికి ఏదో ఒక కప్పు, పల్చటి దుప్పటి, ఫోన్‌కి జిప్ కవరు, టార్చి, తిండి, నీళ్ళు, సొంత మందులు. గొడుగు వద్దు. సముద్రం గాలికి పది నిమిషాల్లో తిరగబడుతుంది.

మిగతావి ఉమ్మడిగా. పెద్ద టార్పాలిన్, తాడు, క్యాను, మందుల డబ్బా, పవర్ బ్యాంకు, చీర, ఇంకో పొడి దుప్పటి. 20 మందిమి తలో 100 వేసుకుంటే 2,000 రూపాయలు. టార్పాలిన్ కొనొచ్చు, మందులు కొనొచ్చు, రెండు మంచి టార్చిలు కొనొచ్చు. నడక అయ్యాక ఆ సామాను ఎవరి ఇంటికీ పోకూడదు. ఒక పెట్టెలో పెట్టి గ్రూపుకి ఉంచుదాం. వచ్చే ఏడాది మన తమ్ముళ్ళు చెల్లెళ్ళు వెళ్తే వాళ్ళకి లిస్టులో సగం అక్కడే ఉంటుంది. 100 కూడా వెయ్యలేనివాళ్ళ పేరు అడగకూడదు, డబ్బా పెట్టి ఎవరికి తోచింది వాళ్ళు వెయ్యాలి. మన ఊళ్ళో పండగ చందా అలాగే కదా జరుగుతుంది.

ఇంత కష్టపడి ఆ తీరమే ఎందుకు అని ఒకరిద్దరు అడిగారు. నా కారణం చెప్తాను. గోస్తని అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల్లోంచి పోతుంది. తాటిపూడి రిజర్వాయర్లో ఆగి, వైజాగ్‌కి తాగునీళ్ళు ఇచ్చి, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే ఈ సిటీ తాగే నీళ్ళలో మన కొండ మీద పడిన వాన ఉంది. ఆ నది మొదలు మనలో చాలామంది చూశారు. దాని చివర కూడా మన కాళ్ళతో నడిచి చూడాలి. జాగ్రత్త కూడా అందులోనే ఉంది. భీమిలిలో ఎండ కాస్తున్నా పైన కొండల్లో గట్టిగా పడితే ఏటి నోటి దగ్గర నీళ్ళు మారిపోతాయి. అక్కడ దాటే ప్రయత్నం చెయ్యొద్దు, వంతెన ఉంది.

దారిలో తొట్లకొండ వస్తుంది. పూర్వం బౌద్ధ భిక్షువులు ఆ కొండ రాతిలో తొట్లు తొలిచి నీళ్ళు పట్టుకున్నారు, ఆ పేరు అందుకే వచ్చింది. వాన నెలల్లో తిరగకుండా ఒక్క చోటే ఉండాలన్నది ఆ భిక్షువుల నియమం. తిరగడమే పనిగా పెట్టుకున్నవాళ్ళే వానకి ఆగేవాళ్ళు. మనం రెండు గంటలు ఆగితే, ఒక రోజు వాయిదా వేస్తే ఏం పోతుంది? తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. పొడిగా ఉన్నప్పుడు ఎంత అందమో, వానలో అంత మోసం. ఆ లోయల్లో నీళ్ళు ఉన్నట్టుండి వస్తాయి, గట్లు విరిగి పడతాయి. వాన పడుతుంటే బయట నుంచే చూసి పోదాం.

మన ఇళ్ళలో ఎవరూ సరదాగా నడవడానికి ఎక్కడికీ వెళ్ళలేదు. సంతకి నడిచారు, ఆసుపత్రికి నడిచారు, డోలీ మోస్తూ నడిచారు. ఏ పనీ లేకుండా, ఎవరూ తరమకుండా, చూడడానికి మాత్రమే నడిచే మొదటి తరం మనదే. ఆ మొదటి నడకలోనే డబ్బున్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు రూములో అయితే, మనం ఇక్కడికి వచ్చి నేర్చుకున్నది ఏంటి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. పాత లిస్టు తీసేద్దాం. పైన రాసిన దాంట్లో తప్పులుంటే దిద్దండి, మరిచిపోయినవి చేర్చండి, ముఖ్యంగా తీరం దగ్గర పెరిగిన స్నేహితులు ఎవరైనా ఉంటే వాళ్ళని అడిగి రాయండి. ఒక్క షరతు: ఏ వస్తువు చేర్చినా అది ఎక్కడ ఊరికే దొరుకుతుందో, లేదా ఉమ్మడిగా ఎలా కొనాలో కూడా రాయాలి. మా రూములో ఐదుగురు ఇంకా వస్తామని చెప్పలేదు. ఈ పోస్టు వాళ్ళు కూడా చదువుతున్నారు. సంచులు కడిగి ఆరేశాను. లోపలి కవర్లు అందరికీ సరిపోతాయి.